మోటారు మార్చినా వైపర్లు మొరాయిస్తుంటే ముందు స్పిండిళ్లు చూడండి

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారి 1999 మోడల్ మారుతి 800 ఇప్పుడు నేనే నడుపుతున్నాను. వారానికోసారి అమ్మను భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పోయిన కార్తీకంలో కురిసిన వానలప్పటి నుంచి వైపర్లు నీరసంగా తిరుగుతున్నాయి. హెడ్‌లైట్లు వేస్తే ఇంకా నెమ్మది. పది నిమిషాలు తిరిగి ఆగిపోతాయి, కాసేపటికి మళ్లీ వాటంతట అవే కదులుతాయి. స్విచ్ ఆపితే అద్దం మధ్యలోనే నిలబడుతున్నాయి, దిగి చేత్తో కిందికి తోస్తున్నాను. మెకానిక్ మోటారు పోయిందని చెప్పి సెకండ్ హ్యాండ్‌ది వేశారు, ఏదో స్ప్రే కూడా కొట్టారు. రెండు వారాలు బాగా తిరిగాయి. తర్వాత మళ్లీ మామూలే. ఇప్పుడు స్టీరింగ్ పక్కన ఉండే కాంబినేషన్ స్విచ్ (లైట్లు, వైపర్లు వేసేది), వైరింగ్ మొత్తం మార్చాలంటున్నారు. ఇది చాలదన్నట్టు నా వైపు బ్లేడు సరిగ్గా కళ్ల ముందే మసక వదిలేస్తోంది. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి తనే చూస్తానంటున్నాడు. చెయ్యనివ్వచ్చా? లేక కారు అమ్మేయడమే నయమా?

సమాధానం: అమ్మా, కారు అమ్మే ఆలోచన పక్కన పెట్టండి. స్విచ్చూ వైరింగూ మార్చే పని కూడా ఇప్పుడే వద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మోటారు మార్చారన్న మాట కన్నా, దాని పక్కనే మీరు మామూలుగా రాసేసిన "ఏదో స్ప్రే కూడా కొట్టారు" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ రెండు వారాలు వైపర్లు బాగా తిరిగింది కొత్తగా వేసిన మోటారు వల్ల కాదు, ఆ స్ప్రే వల్ల అని నాకు గట్టి అనుమానం.

ఎందుకో చెబుతాను. ఇంజిన్ వెనక గోడకు బిగించి ఉండే మోటారు అద్దాన్ని నేరుగా తుడవదు. దాని లోపల మరలా ఉండే ఒక వార్మ్ గేరు, ఆ గేరు తిప్పే ఒక పెద్ద పళ్లచక్రం, ఆ చక్రం ఇరుసుకు బయట క్రాంకు అనే ఒక చిన్న చెయ్యి ఉంటాయి. క్రాంకు గుండ్రంగా తిరుగుతూ లింకు కడ్డీలను ముందుకీ వెనక్కీ తోస్తుంది. కడ్డీలు రెండు స్పిండిళ్లను అటూ ఇటూ తిప్పుతాయి. బయట మీకు కనిపించే వైపర్ ఆర్ములు ఈ స్పిండిళ్ల తలల మీదే బిగించి ఉంటాయి. స్పిండిల్ అంటే చూపుడువేలు మందం కూడా లేని ఉక్కు కడ్డీ. అది కూర్చునే గొట్టం చాలా కార్లలో అల్యూమినియం పోత. తయారీలో పెట్టిన గ్రీజు పాతికేళ్లు ఉండదు. తల మీది రబ్బరు టోపీ చిరిగిందంటే ప్రతి వానా నేరుగా ఆ గొట్టంలోకే దిగుతుంది. మీది సముద్రం గాలి తగిలే ఊరు. ఉప్పు తడిలో ఉక్కు, అల్యూమినియం ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తొందరగా తినుకుపోతుంది. గొట్టం లోపల విభూతి లాంటి తెల్లటి పొడి పేరుకుని స్పిండిల్‌ను పట్టేస్తుంది.

అప్పుడు మోటారు ఎంత మంచిదైనా రెండింతలు బరువు లాగాల్సిందే. బరువు పెరిగితే కరెంటు ఎక్కువ తీసుకుంటుంది, వేడెక్కుతుంది. చాలా వైపర్ మోటార్లలో వేడి మితిమీరితే కరెంటు తెగ్గొట్టే చిన్న కటౌట్ ఒకటి ఉంటుంది. చల్లారగానే అదే మళ్లీ కలుపుతుంది. పది నిమిషాలు తిరిగి ఆగడం, కాసేపటికి వాటంతట అవే కదలడం అంటే నూటికి తొంభై పాళ్లు అదే. మోటారు చెడిపోలేదు, తనను తాను కాపాడుకుంటోంది. ఇక ఆ స్ప్రేలు పలచని నూనెలు. తుప్పులోకి దూరి రెండు రోజులకో రెండు వారాలకో ఆరిపోతాయి. అవి పట్టు వదిలిస్తాయి కానీ గ్రీజు పని చెయ్యలేవు. మోటారు పెట్టేటప్పుడు మీ మెకానిక్ స్పిండిళ్ల మీద కూడా కొట్టి ఉంటారు. ఫలితం మోటారు ఖాతాలో పడింది.

మెకానిక్‌ను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మొన్నమొన్నటి దాకా వాహనాల ఎలక్ట్రికల్ పని చేసినవాడిని. మొదటి రోజుల్లో ఒకే అంబాసిడర్‌కు ఏడాదిలో రెండు మోటార్లు మార్చాను. మూడోసారి వచ్చినప్పుడు, ఆ కారు యజమాని పక్కన నిలబడి ఉండగా లింకు విప్పి స్పిండిల్ చేత్తో తిప్పబోయాను. కదలలేదు. గ్రిప్ ప్లయర్ పెడితే కిర్రుమంటూ కదిలింది. ఆ పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ రెండు మోటార్ల డబ్బు నేనే తిరిగిచ్చాను. ఆ రోజు నుంచి లింకు విడదీసి చూడకుండా ఎవరి చేతా వైపర్ మోటారు కొనిపించలేదు.

కాబట్టి మీ అబ్బాయిని నిక్షేపంగా చెయ్యనివ్వండి. ఒక ఆదివారం ఉదయం చాలు. ముందు జాగ్రత్తగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించండి. లింకు కడ్డీల మధ్య చెయ్యి ఉండగా ఎవరైనా తాళం తిప్పారంటే వేళ్లు నలిగిపోతాయి. ఆ మోటారు బలం చిన్నది కాదు. ఇంకో మాట, మధ్యలో ఆగిన వైపర్‌ను దిగి చేత్తో తోస్తున్నానని రాశారు. అది ఇవాళే మానెయ్యండి. వార్మ్ గేరు మోటారు వైపు నుంచే తిరుగుతుంది, ఆర్ము వైపు నుంచి తోస్తే తిరగదు. గట్టిగా తోస్తే లోపలి చక్రం పళ్లు రాలిపోతాయి. ఆ చక్రం చాలా మోటార్లలో నైలాన్‌ది. మధ్యలో నిలబడిపోతే తాళం ఆఫ్ చేసి వదిలేయండి. తాళం ఆన్‌లోనే ఉంటే, స్విచ్ ఆపినా తన ఇంటికి, అంటే వైపర్లు కింద పడుకునే చోటికి, చేరుకునే ప్రయత్నంలో మోటారుకు కరెంటు వెళ్తూనే ఉండి లోపల కాలుతుంది.

పని మొదలుపెట్టే ముందు వైపర్లు కింద పడుకునే చోట అద్దం మీద మాస్కింగ్ టేప్ ముక్కలు అంటించమనండి. క్రాంకు మోటారు ఇరుసు మీద ఏ దిక్కున కూర్చుందో పెయింటుతో ఒక గుర్తు పెట్టమనండి. వీలైతే క్రాంకును ఇరుసు నుంచి విప్పనే వద్దు. దాని చివరి బంతి దగ్గర లింకు కడ్డీని వెడల్పాటి స్క్రూడ్రైవర్‌తో పైకి ఎత్తితే టప్పున ఊడి వస్తుంది. ఇప్పుడు మోటారు ఒక పక్క, మిగతా సరంజామా ఒక పక్క.

ఇక్కడే అసలు పరీక్ష. ఆర్మును కొన దగ్గర కాకుండా మొదట్లో పట్టుకుని మెల్లగా పక్కకు తోయమనండి. మోటారుతో సంబంధం తెగింది కాబట్టి రెండు వైపర్లూ రెండు వేళ్లకు కదిలిపోవాలి. బలం పెట్టాల్సి వస్తే దొంగ దొరికినట్టే. తర్వాత బ్యాటరీ తీగ తగిలించి, చేతులు దూరంగా పెట్టుకుని మోటారును ఒంటరిగా తిప్పి చూడమనండి. వాచీ పట్టుకుని క్రాంకు చుట్లు లెక్కపెట్టాలి. చాలా కార్లలో స్లోలో నిమిషానికి 40-45, స్పీడులో 60-65 దాకా వస్తాయి. ఒకటి రెండు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. లింకు లేకుండా చలాకీగా తిరిగి, తగిలించగానే నీరసపడితే మోటారును వదిలేయండి. ఒంటరిగా ఉన్నా ఈడ్చుకుంటూ తిరిగితే అప్పుడు మోటారునూ దానికి వచ్చే కరెంటునూ చూడాలి. ఆ సంగతి తర్వాత చెబుతాను. మీ విషయంలో మొదటిదే జరుగుతుందని నా నమ్మకం.

స్పిండిల్ పని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ దాటేసేది ఇక్కడే. ఆర్ము మొదట్లో ఉన్న టోపీ తీస్తే నట్టు కనిపిస్తుంది. 10, 12 నంబర్ల బాక్స్ స్పానర్లు దగ్గర పెట్టుకుంటే చాలు. నట్టు వచ్చాక ఆర్ము రాదు, అది మామూలే. స్పిండిల్ తల మీది గాడుల్లో తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది. బానెట్ అంచునో అద్దాన్నో ఆసరా చేసుకుని స్క్రూడ్రైవర్‌తో ఎగదోయకూడదు. మరిగే నీళ్లు అద్దానికి తగలకుండా ఒక గుడ్డ ముక్కతో ఆర్ము మొదట్లో అద్ది, రెండు నిమిషాలు ఆగి, ఆర్మును అటూ ఇటూ మెల్లగా ఊపితే వదులుతుంది. అద్దం మీద దుప్పటి మడత పెట్టి ఉంచండి. పైకి ఎత్తిన ఆర్ము చెయ్యి జారి స్ప్రింగు బలంతో అద్దం మీద పడిందంటే ఆ దెబ్బకే పగులు వస్తుంది.

స్పిండిల్ హౌసింగులతో (అవి కూర్చునే గొట్టాలతో) సహా లింకు మొత్తం బయటికి తీశాక పాత పేపరు పరిచి దాని మీద పెట్టుకోవాలి. స్పిండిల్ తల దగ్గర సర్‌క్లిప్ అనే ఒక స్ప్రింగు రింగు, దాని కింద వాషర్, కొన్నిటిలో సన్నటి రబ్బరు రింగు ఉంటాయి. ఏది ఏ వరసలో వచ్చిందో ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి. సర్‌క్లిప్ ఎగిరిపోతే గడ్డిలో దొరకదు, ఒక చేత్తో గుడ్డ అడ్డం పెట్టి తియ్యాలి. ఇప్పుడు స్పిండిల్‌ను కిందికి నొక్కితే జారి రావాలి. రాకపోతే స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, తిప్పుతూ తిప్పుతూ లాగాలి. మరీ మొండికేస్తే తల మీద చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టండి, సుత్తితో నేరుగా కొడితే మరలు చెడిపోతాయి. బయటికి వచ్చిన కడ్డీ మీద నల్లగా, పాకం ముదిరి గడ్డకట్టినట్టు ఉండేదే పాతికేళ్ల కిందటి గ్రీజు. గోటితో గీకితే పెచ్చులుగా లేస్తుంది. గొట్టంలోకి టార్చి వేస్తే ఇందాక చెప్పిన తెల్ల పొడి కనిపిస్తుంది.

కడ్డీని సన్న ఉప్పుకాగితంతో నిగనిగలాడే దాకా రుద్ది, గొట్టం లోపల అదే కాగితాన్ని పెన్సిలుకు చుట్టి తిప్పితే చాలు. ఎక్కువ అరగదీయొద్దు, గొట్టం వదులైతే ఆర్ము ఊగిసలాడుతుంది. పొడి పోయేలా కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, వీల్ బేరింగులకు వాడే లిథియం గ్రీజు కడ్డీ నిండా పట్టించి ఎక్కించండి. సరిగ్గా కుదిరిందా అని చూసే పద్ధతి ఒకటే: హౌసింగు చేత్తో పట్టుకుని స్పిండిల్‌ను వేలితో తిప్పితే గ్రీజు మెత్తదనం తప్ప ఇంకే పట్టూ తగలకూడదు. రబ్బరు రింగు, తల మీది టోపీ మాత్రం కొత్తవి వెయ్యండి. చేసిన పని నిలబడేది ఆ టోపీ వల్లే. అచ్చంగా అదే దొరక్కపోతే కొలతకు సరిపోయే వేరే కారు టోపీ అయినా ఫరవాలేదు.

లింకు కడ్డీల చివర బంతులు కూర్చునే ప్లాస్టిక్ బుష్షులు కూడా అప్పుడే చూడండి. అరిగితే వైపర్ తిరుగుతున్నప్పుడు టక్కు టక్కుమని చప్పుడు, బ్లేడు అద్దం అంచు దాటి, అద్దం పక్కనుండే బాడీ స్తంభానికి తగలడం ఉంటాయి. బుష్షు విడిగా దొరికితే వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి మెత్తబడ్డాక బంతి మీద నొక్కితే విరక్కుండా కూర్చుంటుంది. దొరక్కపోతే మొత్తం లింకు కొనడమే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది కానీ రోడ్డు మీద ఇంకా ఇన్ని బళ్లున్నాయి కాబట్టి ఇలాంటి సామాను పట్నంలోని స్పేర్‌పార్ట్స్ షాపుల్లో దొరుకుతూనే ఉంది.

బిగించేటప్పుడు ఒక వరస తప్పకూడదు. ఆర్ములు పెట్టక ముందే లింకు తగిలించి, మోటారును ఒకసారి తిప్పి, స్విచ్ ఆపాలి. మోటారు తన ఇంటి దగ్గరికి వచ్చి ఆగుతుంది. అప్పుడు టేప్ గుర్తుల మీదికి బ్లేడ్లు వచ్చేలా ఆర్ములు కూర్చోబెట్టి నట్లు బిగించాలి. ఈ వరస తప్పితే మొదటి ఊపులోనే బ్లేడు బానెట్ మీదికో స్తంభం మీదికో పోతుంది. నట్టు వదులుగా ఉన్నా కష్టమే. గాడులు అరిగి ఒక వైపర్ తిరుగుతూ రెండోది ఊరికే నిలబడుతుంది.

ఇక హెడ్‌లైట్లు వేస్తే నెమ్మదించడం. స్పిండిళ్లు బాగుపడ్డాక ఇది చాలా వరకు తగ్గాలి. తగ్గకపోతే వైరింగ్ మొత్తం మార్చే ముందు రెండు చోట్లు చూడమనండి. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, వైపర్లు వేసి బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే 13 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే తప్పు వైపర్లది కాదు, ఛార్జింగ్‌ది. ఆల్టర్నేటర్ బెల్టు వదులై వానకు తడిసి జారుతున్నా ఇలాగే ఉంటుంది. వోల్టేజి బాగుండి వైపర్లు మాత్రమే నీరసపడితే ఎర్త్ చూడాలి. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక మందపాటి తీగ తెచ్చి నడుస్తున్న మోటారు ఒంటికి గట్టిగా ఆనించండి. అది వెంటనే చలాకీ అయితే ఎర్త్ పోయినట్టే. మోటారు బిగించిన బోల్టుల కింద, ఎర్త్ తీగ బాడీకి తగిలే చోట పెయింటు, తుప్పు గీకి, బిగించి, మీద కాస్త గ్రీజు రాస్తే చాలు. పది రూపాయల ఖర్చు ఉండదు.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. కరెంటు వస్తోందా లేదా చూడటానికి మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మొద్దు. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా, కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉన్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది దాదాపు ఏమీ లాగదు. పాత ఇండికేటర్ 21 వాట్ల బల్బుకు రెండు తీగలు కలిపి టెస్ట్ ల్యాంపు చేసుకోమనండి. మోటారు కనెక్టరు దగ్గర ఆ బల్బు నిండుగా వెలిగితే ఫ్యూజు నుంచి అక్కడి దాకా దారి బాగున్నట్టే. మసగ్గా వెలిగితే ఫ్యూజు దగ్గరా, స్విచ్ కిందా, కనెక్టరు దగ్గరా ఒక్కో చోటా బల్బు పెట్టుకుంటూ వెనక్కి వెళ్తే వెలుగు ఎక్కడ తగ్గిందో అక్కడే తప్పు తెలుస్తుంది. కాంబినేషన్ స్విచ్ మార్చాలో లేదో అప్పుడు తేలుతుంది, ముందు కాదు. స్లోలో తిరక్కుండా స్పీడులో మాత్రమే తిరిగితే కూడా తీగ విప్పి ఈ బల్బుతోనే చూడాలి. కరెంటు వస్తున్నా స్లోలో తిరగలేదంటే మోటారు లోపలి కార్బన్ బ్రష్ అరిగింది.

స్విచ్ ఆపగానే మధ్యలో నిలబడటం గురించి. మోటారు లోపలి పళ్లచక్రం మీద రాగి లేక ఇత్తడి రింగు ఒకటి ఉంటుంది, ఒక చోట దానికి కొంచెం ఖాళీ. మీరు స్విచ్ ఆపినా ఆ రింగు మీద రాసుకుంటున్న చిన్న రేకుల ద్వారా కరెంటు వస్తూనే ఉంటుంది. ఖాళీ ఎదురు రాగానే తెగుతుంది, అప్పుడే బ్లేడ్లు కింద పడుకుని ఉంటాయి. ఈ దారిలో అతుకులు ఎక్కువ, కాబట్టి కరెంటు కొంచెం బలహీనం. లింకు బిగుసుకుని ఉంటే ఆ మిగిలిన బలం చాలదు. అందుకే మీకొక ప్రశ్న: కొత్త మోటారు బాగా నడిచిన ఆ రెండు వారాల్లో, స్విచ్ ఆపితే వైపర్లు కింద దాకా వచ్చి పడుకున్నాయా? పడుకుని ఉంటే ఆ రింగులో తప్పేమీ లేదు, స్పిండిళ్లు బాగుపడగానే ఇదీ పోతుంది. అప్పుడు కూడా నిలబడి ఉంటే మోటారు మూత విప్పి, గట్టిపడిన పాత గ్రీజు తుడిచి, రింగునూ రేకుల కొనలనూ శుభ్రం చెయ్యాలి. రేకుల్లో పట్టు తగ్గితే వేలితో అతి కొద్దిగా వంచాలి.

మోటారు విప్పాల్సి వస్తే రెండు జాగ్రత్తలు. చుట్టూ ఉన్న డబ్బా మీద సుత్తితో తట్టొద్దు, లోపల అతికించిన అయస్కాంతాలు పెళుసువి, పగిలితే మోటారు నిజంగానే పోతుంది. కమ్యుటేటర్‌ను (కార్బన్ బ్రష్‌లు రాసుకునే రాగి భాగాన్ని) రుద్దడానికి సన్న ఉప్పుకాగితం వాడండి, ఎమరీ కాగితం వద్దు, దాని రవ్వలు గాట్లలో ఇరుక్కుంటాయి.

ఫ్యూజు ఎప్పుడైనా కొట్టేస్తే ఫ్యూజు బాక్సు మూత మీద రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే వెయ్యండి. పెద్దది వెయ్యొద్దు, రాగి తీగ చుట్టొద్దు. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో ఏదో ఎక్కువ లాగుతోందని అర్థం. దాని నోరు నొక్కేస్తే ఆ వేడి డాష్‌బోర్డు కింద వైర్ల మీదికి వస్తుంది. పాత కార్లలో మంట లేచిన సందర్భాలు ఇలా మొదలైనవే చూశాను.

కళ్ల ముందు మసక సంగతికి వస్తే, ఇది వేరే జబ్బు. మన ఎండలకు రబ్బరు ఏడాది మించి సరిగ్గా పని చెయ్యదు, వానాకాలం ముందు మార్చుకోవడం మంచి అలవాటు. ఉన్నంత పొడవే వెయ్యండి. పెద్ద బ్లేడు వేస్తే ఎక్కువ తుడుస్తుందనుకుంటారు కానీ మోటారు మీద భారం పెరుగుతుంది. కొనే ముందు అద్దం కడిగి చూడండి. పొగ, దుమ్ము, కారు షాంపూ కలిసి అద్దం మీద కంటికి కనిపించని జిడ్డు పొర కడతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి మెత్తటి స్పాంజితో రెండుసార్లు రుద్ది, బాగా కడిగి, తడి న్యూస్‌పేపరుతో తుడవండి. నీళ్లు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పల్చటి పొరలా జారితే అద్దం శుభ్రమైనట్టు. కిరసనాయిలు రాయొద్దు, రబ్బరు ఉబ్బి వంకర పోతుంది.

కొత్త రబ్బరు వేసినా ఒక వైపు వెళ్లేటప్పుడు నున్నగా, తిరిగి వచ్చేటప్పుడు గడగడమంటూ ఎగిరెగిరి వస్తే ఆర్ము మెలిక తిరిగింది. రబ్బరు పెదవి ప్రతి ఊపుకూ అటు ఒకసారి ఇటు ఒకసారి వాలాలి. ఆర్ము ఏటవాలుగా ఉంటే ఒక వైపే వాలి ఉండిపోతుంది. బ్లేడు తీసేసి చూస్తే ఆర్ము కొన అద్దానికి సమాంతరంగా ఉందో లేదో తెలుస్తుంది. రెండు ప్లయర్లకు గుడ్డ చుట్టి కొద్దికొద్దిగా సరిచేయొచ్చు. సరిగ్గా మధ్యలో మాత్రమే మసక వదిలితే ఆర్ము స్ప్రింగు నీరసించిందేమో చూడండి. మీ వైపు ఆర్మునూ పక్క సీటు ఆర్మునూ ఒక్కో వేలితో ఎత్తితే తేడా తెలిసిపోతుంది. స్ప్రింగు తుప్పు పడితే ఆర్మే మార్చడం మంచిది.

ఇదంతా అయ్యేలోపు వాన మధ్యలో ఇరుక్కుంటే? లారీ డ్రైవర్లు అద్దం మీద ఉల్లిపాయ ముక్కో పొగాకో రుద్దడం మీరు చూసే ఉంటారు. అందులో నిజం ఉంది. చుక్కలు విడిపోకుండా నీళ్లు పొరలా సాగి కాసేపు దారి కనిపిస్తుంది. అయితే అది రోడ్డు పక్కన సురక్షితమైన చోటు చేరుకోవడానికే తప్ప భీమవరం దాకా వెళ్లడానికి కాదు. అమ్మగారి ఆసుపత్రి రోజున మబ్బు పట్టి ఉంటే, ఈ పని పూర్తయ్యే దాకా ఇంకెవరి కారో ఆటోనో మాట్లాడుకోండి. ఎదురుగా లారీ బురద చిమ్మి వెళ్లాక ఒక్క క్షణం కనిపించకపోయినా పక్కన కాలువగట్టు ఉన్న రోడ్లు మీవి, నాకు తెలుసు.

15 ఏళ్లు దాటిన కారు కాబట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్తున్నారు కదా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 101వ నిబంధన వైపర్ల గురించే. తనిఖీలో అధికారి వైపర్ వేసి చూపించమంటే పొడి అద్దం మీద వెయ్యకండి, ముందు నీళ్లు చల్లండి. పొడి అద్దం మీద తిప్పితే రబ్బరు, అద్దం రెండూ గీసుకుపోతాయి, మోటారు మీద పడే బరువూ ఎక్కువే.

చివరగా, విప్పేసిన పాత మోటారు ఎక్కడుంది? మెకానిక్ దగ్గరే ఉండిపోతే పాతసామానుకు వెయ్యక ముందే అడిగి తెప్పించుకోండి. ఇనపకొట్టు నుంచి వచ్చిన ఈ సెకండ్ హ్యాండ్ మోటారు ఎన్ని వానలు చూసిందో ఎవరికీ తెలియదు. నాన్నగారి కారుతో పాటు వచ్చిన మోటారును బ్యాటరీకి నేరుగా తగిలించి చూడమనండి. అది బాగా తిరుగుతుందనే నా నమ్మకం. తిరిగితే లోపల శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టి దాన్నే బిగించండి, ఇప్పుడున్నది గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టుకోండి. స్పిండిళ్లు బయటికి తీశాక లోపల ఏం కనిపించిందో మీ అబ్బాయి చేత రెండు వాక్యాలు రాయించండి.